రాయి నిలబెట్టిన ఇంటి బోనం

కొమురమ్మ ఎవరినీ ఏమీ అడగదు. గోపన్‌పల్లిలో మేముండే అపార్ట్‌మెంట్ మెట్లు ఊడ్చి తుడిచేది ఆమే. పనికి వచ్చేవాళ్ళు పండక్కి చీరో, వేసవికి పాత కూలరో అడగడం, ఇళ్ళవాళ్ళు చూద్దాంలే అంటూ రోజులు గడిపేయడం ఇక్కడ మామూలే. కొమురమ్మ మాత్రం తాగే నీళ్ళు కూడా ఇంటి నుంచి సీసాలో తెచ్చుకుంటుంది. మా అసోసియేషన్ ప్రెసిడెంటు రామాంజనేయులు గారికి అది పొగరుగా కనిపిస్తుంది. "ఆయమ్మకు శానా గీర ఉందబ్బా," అంటారు లిఫ్ట్ దగ్గర నిలబడి, ఆమెకు వినపడేలాగే.

గీర కాదు. ఆమె ఒక పెద్దమనిషిని ఒకసారి ఒకటి అడిగింది. అడిగిన దానికి బదులుగా ఇవ్వకూడనిది ఇచ్చింది. అప్పటి నుంచి ఇలా ఉంది.

కొమురమ్మ, ఆమె భర్త ఓదెలు పెద్దపల్లి వైపు నుంచి ఇక్కడికి వచ్చినప్పుడు, ఇప్పుడు అద్దాలతో మెరుస్తున్న టవర్లలో చాలావాటికి ఇంకా పునాదులే తవ్వుతున్నారు. ఇద్దరూ రాళ్ళు మోశారు. గోపన్‌పల్లి అవతల పెద్ద పెద్ద బండల మధ్య గుడిసె వేసుకున్నారు. వేసుకున్న వారంలోనే చంటిపిల్ల ప్రవళికకు అమ్మవారు పోసింది. దవాఖానకు పోదామంటే దారి కూడా లేని చోటు. కొమురమ్మ పునాదిలోంచి తీసి పారేసిన ఒక రాయిని దొర్లించుకుంటూ తెచ్చి గుడిసె ముందు నిలబెట్టింది. కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, పక్కన వేపకొమ్మ నాటి, పోచమ్మా అని పిలిచి, దాని ముందు బిడ్డను పడుకోబెట్టింది. బిడ్డ బతికింది.

తర్వాత మరికొందరు వచ్చారు. గుడిసెల చోట ఇటుక గోడలు లేచాయి, స్లాబులు పడ్డాయి, కరెంటు మీటర్లు వచ్చాయి. దానికి బండల బస్తీ అని పేరూ వచ్చింది. ఆషాఢంలో బోనాలు మొదలయ్యాయి. కొత్త కుండలో బువ్వ వండి, కుండకు పసుపు పూసి, వేపాకు కట్టి, పైన దీపం పెట్టి తల మీద ఎత్తుకుని పోచమ్మ దగ్గరికి నడిచే పండగ. రాయి నిలబెట్టిన ఇంటి బోనం ముందు నడవాలి. మిగతావి దాని వెనక. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, ఎవరూ కాదన్నదీ లేదు. కొమురమ్మ గుమ్మం ముందు డప్పు మోగితేనే మిగతా ఇళ్ళలో ఆడవాళ్ళు కుండలకు చేతులు వేసేవారు. ఏడాది పొడుగునా ఇతరుల మెట్లు తుడిచే మనిషి వెనక, ఆ ఒక్క ఆదివారం, బస్తీ అంతా నడిచేది.

ఓదెలు తరహా వేరు. వయసు మీద పడి రాళ్ళ పని మానేసి నానక్‌రాంగూడలో ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీలో చేరాడు. రోజంతా వచ్చే కార్లకు కర్ర పైకెత్తడం, లోపల ఎంత పెద్దవాడున్నాడో చూసి అంతకు తగ్గ సెల్యూట్ కొట్టడం అతని పని. ఈ లోకంలో ఏ పనైనా ఒక పెద్దవాడు ఇంకో పెద్దవాడికి ఫోన్ చేస్తేనే అవుతుందని అతనికి ఆ గేటు దగ్గరే గట్టిగా తెలిసింది. మా వైపు రాజేందర్ అని ఒక నాయకుడు ఉన్నాడు. అప్పటికి ఏ పదవీ లేదు గానీ అన్ని ఫ్లెక్సీల్లోనూ ఉండేవాడు. ఒకసారి బస్తీకి వచ్చినప్పుడు ఓదెలు భుజం మీద చేయి వేసి ఫోటో దిగాడు. ఆ ఫోటో చౌరస్తాలో ఫ్లెక్సీ మీద కొన్నాళ్ళు వేలాడింది. వాన దాన్ని చింపేదాకా ఓదెలు డ్యూటీకి ఆ దారినే వెళ్ళాడు, చుట్టూ తిరిగి.

అలా ఉండగా ఒక వేసవిలో టేపులు పట్టుకున్న మనుషులు బస్తీలోకి వచ్చి గోడల మీద ఎర్రరంగుతో గీతలు గీసి వెళ్ళారు. అటువైపు నుంచి పెద్ద రోడ్డు వస్తుందట. ఇళ్ళు పోతాయట. ఓదెలు ఆ సాయంత్రమే రాజేందర్ దగ్గరికి పరిగెత్తాడు. రాజేందర్ విని, తల ఊపి, చూద్దామన్నాడు. మర్నాడు అతని మనిషి కుమార్ బైకు మీద బస్తీకి వచ్చాడు.

"అక్కా, ఈసారి ఎలక్షన్ల అన్న నిలబడ్తుండు," అన్నాడు, గుమ్మంలోనే కూర్చుని. "సంధ్య వదినె మీ పోచమ్మకు బోనం ఎత్తుకుంట అని మొక్కుకున్నది. జర ఆమెను ముందల నడవనియ్యి. అన్నకు మీ బస్తీ యాదిల ఉంటది."

"రమ్మను తమ్మీ. అమ్మకు ఎవరన్న ఎత్తుకోవచ్చు. నా ఎనక నడుస్తది."

"ఎనక నడిస్తే వీడియోల ఏం కనబడ్తది అక్కా, నీ వీపు గాక?"

ఓదెలు నవ్వాడు. కొమురమ్మ నవ్వలేదు. కుమార్ వెళ్ళాక ఓదెలు గొంతు పెంచాడు.

"ఏందే నీ పట్టు? ముందు నడిస్తే ఏంది, ఎనక నడిస్తే ఏంది? ఇల్లే కూలితే ఏడికెల్లి నడుస్తవ్?"

"అమ్మ చూస్తలేదా?"

"చూస్తది. చూసి ఊకుంటది. మనకు ఫోన్ జేసేటోడు కావాలె. పెద్ద సారుకు ఫోన్ జేస్తదా నీ పోచమ్మ?"

ఆమె పొయ్యి వైపు తిరిగింది. గోడ మీద ఎర్రగీత సరిగ్గా పొయ్యి వెనక ఉంది. వంట చేస్తున్నంతసేపూ అది కనపడుతూనే ఉండేది.

రెండు మూడు రోజులకు రాజేందరే వచ్చాడు. తెల్లచొక్కా, వెనక ఇద్దరు ముగ్గురు మనుషులు. చెప్పులు విడిచి పోచమ్మ ముందు నిలబడ్డాడు. కొమురమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుని దగ్గరికి వెళ్ళింది.

"సారూ, ఒక్కటి అడుగుత. మా ఇండ్లు నిలుస్తయా?"

"ఏం ఫికర్ జెయ్యకు కొమురక్కా. నేను బతికుండంగ ఒక్క ఇటుక కదలది." వంగి రాయి మీద అరచేయి పెట్టాడు. "పోచమ్మ తోడు."

చేతికి పసుపు అంటింది. కుమార్ జేబులోంచి కాగితం రుమాలు తీసి ఇచ్చాడు.

మనుషులు అబద్ధాలాడతారని కొమురమ్మకు తెలుసు. మేస్త్రీలు ఆడారు, కంట్రాక్టర్లు ఆడారు. కానీ ఆ రాయి మీద చెయ్యి వేసి ఆడగలవాళ్ళు ఉంటారని ఆమెకు తెలియదు. బండల బస్తీలో ఎవరికీ తెలియదు. దొంగతనం జరిగినా, మొగుడూ పెళ్ళాల మధ్య అనుమానం వచ్చినా, రాయి దగ్గరికి తీసుకుపోయి చెయ్యి వెయ్యమంటే నిజం బయటపడేది, లేదా ఆ మనిషి వెనక్కి తగ్గేవాడు. అక్కడ అంతకుమించిన కోర్టు లేదు.

"సరే సారూ," అంది. "ముందు నడవమను."

ఆషాఢం వచ్చింది. బోనాల ఆదివారం రాజేందర్ భార్య సంధ్య పట్టుచీరలో, వెండికుండతో ముందు నడిచింది. చుట్టూ నల్లచొక్కాల కుర్రాళ్ళు తాడు పట్టుకుని జనాన్ని నెట్టారు. పైన డ్రోన్ గుయ్యిమంది. డప్పులు ఈసారి కొమురమ్మ గుమ్మం ముందు కాదు, రాజేందర్ కారు ముందు మోగాయి. తాడుకు ఇవతల మట్టికుండ తలమీద పెట్టుకుని ఆమె నడుస్తుంటే పక్కింటి పుణ్యవతి దగ్గరికి వచ్చి అంది: "ఏంది కొమురా, అమ్మను గూడ కిరాయికి ఇచ్చినవా?"

వానలు తగ్గగానే ఇళ్ళు కూల్చే యంత్రాలు వచ్చాయి. పొద్దున, మగవాళ్ళు డ్యూటీలకు వెళ్ళాక. ఓదెలు గేటు దగ్గర నుంచే రాజేందర్‌కు ఫోన్ చేశాడు. స్విచ్ఛాఫ్. కుమార్ నంబరుకు చేశాడు. ఎత్తాడు. "అన్న ఢిల్లీల ఉన్నడు ఓదెలన్నా. రాంగనే మాట్లాడ్త." సాయంత్రం కుమార్ వాట్సాప్ స్టేటస్‌లో రాజేందర్ మణికొండలో ఒక బిర్యానీ హోటల్ రిబ్బన్ కత్తిరిస్తూ కనిపించాడు. ప్రవళిక ఆ ఫోటో తండ్రికి చూపించింది. ఓదెలు దాన్ని పాత ఫోటో అన్నాడు. మంచం, గిన్నెలు, టీవీ రోడ్డు మీద పెట్టుకుని కూర్చుని కూడా పాత ఫోటో అనే అన్నాడు.

పోచమ్మను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. యంత్రం నడిపేవాడు రాయి ముందు ఆగి, దిగి, దండం పెట్టుకున్నాడట. అధికారులు కూడా దాని జోలికి వద్దన్నారు, గొడవలవుతాయని. వచ్చిన రోడ్డు ఆ రాయి దగ్గర కాస్త వంగి, మళ్ళీ తిన్నగా పోయింది. ఇళ్ళ దగ్గర వంగలేదు. కొన్నాళ్ళకు రాజేందర్ అక్కడ పాలరాయి పరిపించాడు. రాయికి వెండి ముఖం తొడిగించాడు. చుట్టూ ఇనుప గ్రిల్లు, దానికి తాళం, పైన ఆర్చి, ఆర్చి మీద రాజేందర్ దంపతుల పేర్లు. పోచమ్మకు అంతకుముందు తలుపు లేదు. ఎవరు ఎప్పుడు వచ్చినా నీళ్ళు పోసి, పసుపు రాసి వెళ్ళేవారు.

"రోడ్డొచ్చె, గుడీ వచ్చె. మీ దేవతకు మంచే జరిగింది కదమ్మా," అన్నారు రామాంజనేయులు గారు ఒక రోజు మెట్ల మీద ఆగి.

"జరుగుండ్రి సారూ," అంది కొమురమ్మ. "తడి ఉన్నది."

లింగంపల్లి అవతల ఒక రేకుల గది కిరాయికి దొరికింది. వేసవిలో అందులో పగలు ఉండలేం, వానలో మాట్లాడుకోలేం. అక్కడి నుంచి కొమురమ్మ మా మెట్ల దగ్గరికి రెండు ఆటోలు మారి రావాలి. ప్రవళిక ఒక టవర్ కింది ఫుడ్ కోర్టులో బిల్లులు కొట్టే పనిలో చేరి, డిగ్రీ పరీక్షలకు చదువుకుంటోంది. ఆ పిల్లకు తల్లి పోలిక రాలేదు. ఏదీ కడుపులో దాచుకోదు.

"పోచమ్మకు పాలరాయి ఏసిండ్రు, మనకు రేకులేసిండ్రు," అంటుంది. "ఏ దిక్కు ఉంటే లాభమో చూసుకున్నది నీ దేవత."

కొమురమ్మ ఆ మాటకు ఎప్పుడూ కోప్పడలేదు. తనకూ ఆ మాట అనాలని ఉండేదేమో నాకు తెలియదు. ఒకసారి మాత్రం మా గుమ్మం ముందు తుడుస్తూ, తనలో తానే అన్నట్టు అంది: "అమ్మదేం తప్పు బిడ్డా. ఆమె బువ్వను నేనే అమ్ముకున్న."

ఎన్నికల్లో రాజేందర్ ఓడిపోయాడు. కొద్ది రోజులకే సంధ్యకు జ్వరం పట్టుకుంది. తగ్గడం, మళ్ళీ రావడం. గచ్చిబౌలిలో పెద్ద ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేశారు, ఏమీ తేలలేదు. చివరికి వాళ్ళింటికి ఒక శివసత్తిని పిలిపించారు. అంటే ఒంటి మీదికి అమ్మవారు వచ్చి మాట్లాడుతుందని పేరున్న ఆడమనిషి. ఆమె ఊగుతూ ఒక్క మాట అందట: నా రాయి నిలబెట్టిన బిడ్డ చేతి బువ్వ నాకు ముందు రాలేదు.

ఆషాఢం రాబోతుండగా రేకుల గది ముందు కారు ఆగింది. రాజేందర్ ఒక్కడే దిగాడు. తెల్లచొక్కా నలిగి ఉంది. ఓదెలు కంగారుగా లేచి, అలవాటు కొద్దీ సెల్యూట్ లాంటిది ఒకటి చేసి, ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశాడు.

"కొమురక్కా, తప్పయింది," అన్నాడు రాజేందర్. "ఈసారి బోనం నువ్వే ముందల ఎత్తుకోవాలె. డప్పులు, పోతరాజు, అన్ని నీ ఎనక. సంధ్య నీ ఎనక నడుస్తది."

ఆమె కూరగాయలు తరుగుతోంది. ఆపలేదు.

"ఊకనే అడుగుతలేను. గోపన్‌పల్లిల నా సొంత జాగ ఉన్నది. గవర్నమెంటుది గాదు, ఎవ్వడు గీతలు గియ్యడు. రెండు రూములు స్లాబు ఏసి నీ పేరు మీద రిజిస్ట్రీ చేపిస్త. పోచమ్మ తోడు."

"ఆ తోడు ఒద్దు సారూ," అంది కొమురమ్మ. "ఆ తోడు ఇంతకుముందు ఒకపారి పెట్టినవ్."

"ఈసారి నిజంగ."

"అంటే పోయినపారి?"

రాజేందర్ తల దించుకున్నాడు. అతను ఆ రోజు అబద్ధం చెప్పడానికి రాలేదని అక్కడున్న అందరికీ తెలుస్తూనే ఉంది. జ్వరంతో ఉన్న భార్య ఇంట్లో ఉంది, భయం అతని ముఖంలో ఉంది. ఇల్లు నిజంగానే కట్టించేవాడు. అందుకే ఆ పూట అంత కష్టమైంది.

"ఒప్పుకోవే," అన్నాడు ఓదెలు. "అమ్మే పంపింది అనుకో. ఆమె గాక ఇంకెవరు పంపుతరు ఈయన్ని మనింటికి?"

ప్రవళిక పుస్తకం మూసి గుమ్మంలోకి వచ్చింది. "అమ్మా. నీకు దండం పెడ్త. స్లాబు కింద పండి ఎన్ని దినాలైందో నాకు యాది లేదు."

కొమురమ్మ కత్తిపీట పక్కన పెట్టింది. కూతురి వైపు చూడలేకపోయింది. రాజేందర్ వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది.

"అమ్మకు పెట్టే బువ్వను ఒకసారి అమ్ముకున్న. మీరు మాట తప్పినందుకే అది పాపమైందని గాదు సారూ. మీరు మా ఇండ్లు నిలబెట్టి ఉన్నా పాపమే. నాకు ఇప్పుడు తెలిసింది. ఏడాదికోసారి అమ్ముకోమంటవా? నేను బోనం ఎత్తుకుంట. అది ఆమెకు, నాకు. ముందు, ఎనక అన్నది నాకొద్దు. నీ ఇల్లూ వద్దు."

"మరి సంధ్య?"

"ఆమె మొక్కు ఆమెది."

రాజేందర్ వెళ్ళిపోయాక ఆ గదిలో ఎవరూ అన్నం తినలేదు.

బోనాల ఆదివారం నేనూ వెళ్ళాను. గుడి చుట్టూ బారికేడ్లు పెట్టారు. ఒక పక్క పెద్దవాళ్ళ దారి, ఇంకో పక్క మామూలు వరుస. ఇప్పుడు బస్తీ లేదు కాబట్టి వరుసలో ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు: అపార్ట్‌మెంట్ల కింద కాపలా ఉండేవాళ్ళ భార్యలు, హాస్టళ్ళలో వంటవాళ్ళు, టవర్లలో ఊడ్చేవాళ్ళు. కొమురమ్మ మట్టికుండ తలమీద పెట్టుకుని వచ్చి, ఆ వరుస చివరన నిలబడింది. కుమార్ చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, ముందటికి రా. అన్న నీకోసమే ఆపిండు."

"లైన్ ఉన్నది గద తమ్మీ."

"నీకు లైనేంది!"

"ఏం, నా కుండకు కొమ్ములున్నయా?"

ముందున్న ఆడవాళ్ళు నవ్వారు. అయితే నవ్వు ఎంతోసేపు నిలవలేదు. కొమురమ్మ బోనం ముందు పడితే గానీ ఎవరినీ పోనివ్వొద్దని రాజేందర్ గ్రిల్లు దగ్గర మనుషులను పెట్టాడు. ఎండ మాడ్చేస్తోంది. తలల మీద కుండలు, కుండల మీద దీపాలు. వరుస కదలదు. విసుగు మొదలైంది.

"పో అక్కా, నీ దండం. నువ్వు పోతేనే మాకు దారి."

పుణ్యవతి కూడా ఆ వరుసలోనే ఉంది. ఇల్లు కూలిన నాటి నుంచి కొమురమ్మతో మాట్లాడటం మానేసిన మనిషి. వెనక్కి తిరిగి గట్టిగా అంది: "ముందు నిలవాల్సిన నాడు ఎనక నిలిచినవ్. ఇప్పుడు ముందుకు రమ్మంటే రావు. మమ్మల్ని సతాయించుడే నీ పని!"

కొమురమ్మ ఆ మాట పడింది. పడవలసిన మాటే అన్నట్టు, కళ్ళు దించుకుని నిలబడింది. కదల్లేదు.

చివరికి వరుసే కదిలింది. ముందున్న ఎవరో అమ్మాయి, ఏదో టవర్ హౌస్‌కీపింగ్ యూనిఫాం మీదే బోనం ఎత్తుకొచ్చిన పిల్ల, డ్యూటీకి టైమైపోతోందని కాపలావాళ్ళను భుజంతో నెట్టేసి లోపలికి పోయి కుండ దించేసింది. దాని వెనక రెండోది, మూడోది. ఆపడానికి చేతులు చాలలేదు. ఆ సంవత్సరం మొదటి బోనం ఎత్తిన పిల్ల పేరేమిటో ఎవరూ అడగలేదు. తన బోనం మొదటిదని ఆ పిల్లకు కూడా తెలియదు.

పెద్దవాళ్ళ దారిలో ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో వెండికుండతో కూర్చుని ఉన్న సంధ్య ఇదంతా చూసింది. బాగా చిక్కిపోయింది. లేచి, మనుషులను వద్దని, బారికేడ్ కింద నుంచి వంగి ఇవతలికి వచ్చి కొమురమ్మ దగ్గరికి నడిచింది.

"అక్కా, నన్ను శపించకు."

"నేనెవరిని తల్లీ శపించనీకి?" అంది కొమురమ్మ. "నీ మీద నాకేం లేదు. ఇగో, నా ఎనకాల నిలబడు. ఎండకు కొంగు కప్పుకో."

సంధ్య నిలబడింది. రాజేందర్ దూరం నుంచి చూస్తూ ఉండిపోయి, కాసేపటికి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కారెక్కాడు. ఎక్కేముందు ఓదెలుతో, "ఆ జాగ సంగతి ఇగ మర్చిపో," అన్నాడు. ఓదెలు ఆ మాట విని అక్కడే, రోడ్డు వంపు దగ్గర, చతికిలబడ్డాడు. అతని ఇల్లు ఉన్న చోటు అదే. కార్లు అతన్ని తప్పించుకుంటూ హారన్లు కొడుతూ పోయాయి.

కొమురమ్మ వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వెండి ముఖం కింద రాయి కొంచెమే కనపడుతోంది. అక్కడే పసుపు రాసింది. బువ్వ పెట్టింది. నీళ్ళు పోసింది. పెదవులు కదల్లేదు. అరచేతులు కళ్ళకద్దుకుని బయటికి వచ్చేసింది.

ఆటో కోసం నలుగురం నడిచాం. ఓదెలు అందరికంటే ముందు. ప్రవళిక చాలాసేపు తల్లి పక్కన నడవలేదు. ఫ్లైఓవర్ కింద నీడలోకి వచ్చాక దగ్గరికి వచ్చి, ఖాళీ కుండ తన చేతిలోకి తీసుకుంది. కోపం మాత్రం గొంతులో అలాగే ఉంది.

"ఇంత జేసినవ్ గద. ఏమన్న అన్నదా నీ పోచమ్మ? ఇల్లిస్త అన్నదా?"

"ఏమనలే."

"మరి?"

కొమురమ్మ కొంగుతో మెడ తుడుచుకుంది.

"ఆ సారు శాన అన్నడు గద బిడ్డా," అంది. "ఏమైంది?"

ప్రవళిక ఖాళీ కుండను చంకకు మార్చుకుంది. ఆటో వచ్చింది. లింగంపల్లి దాటి రేకుల గదులకు ఎంతకు వస్తావని ఓదెలు బేరం మొదలుపెట్టాడు.